కొల్లేరు మీద దిగులు పాట, ల్యాప్‌టాప్‌లో: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒక చెరువో, నదో, తీరమో పాడైపోతుంటే దాని మీద ఎలక్ట్రానిక్ పాట కట్టాలని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మనుషులు మారుతున్నారు గానీ సందేహాలు మాత్రం అవే. ఫోన్‌లో చెప్పి చెప్పి నోరు నొప్పెట్టి ఇక్కడ రాసి పెట్టాను. ఉదాహరణలన్నీ కొల్లేరువే. మా పెద్దమ్మ వాళ్లది కైకలూరు పక్క పల్లె, నేను పాట కట్టిందీ ఆ నీళ్ల మీదే. మీది మూసీ అయినా ఉప్పాడ తీరమైనా పద్ధతి పెద్దగా మారదు. వరుసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి వెళ్లిపోండి.

## మొదలుపెట్టే ముందు

నాకు సంగీతం రాదు. ల్యాప్‌టాప్ ఒక్కటే ఉంది. ఇలాంటి పాట నావల్ల అవుతుందా?

అవుతుంది. కచేరీ చెయ్యమంటే కష్టం గానీ, ఈ రకం పాటకి కావలసింది చెవి, ఓపిక. సాఫ్ట్‌వేర్ కోసం డబ్బు పెట్టకండి. పాట రికార్డు చేసి కలిపే రీపర్‌ని 60 రోజులు ఉచితంగా వాడి చూడొచ్చు. సింథ్‌కి (స్వరాలు పుట్టించే సాఫ్ట్‌వేర్ వాద్యానికి) వైటల్ ఉచిత వెర్షన్ గానీ సర్జ్ ఎక్స్‌టీ గానీ చాలు. ఆడాసిటీలో పాల్‌స్ట్రెచ్ అనే ఎఫెక్ట్ ఉంది, రెండు సెకన్ల చప్పుడుని రెండు నిమిషాలు సాగదీస్తుంది. డబ్బు పెట్టాలనుకుంటే ఒక మంచి హెడ్‌ఫోన్‌కి పెట్టండి. ప్లగిన్లు (అదనపు సాఫ్ట్‌వేర్ పనిముట్లు) కొంటూ కూర్చున్నవాళ్ల పాటలు నేను ఇంతవరకూ వినలేదు, ఎందుకంటే అవి పూర్తి కాలేదు.

పర్యావరణం అంతా పాడవుతోంది కదా. అడవులు, సముద్రం, ప్లాస్టిక్, ఎండలు అన్నీ ఒకే పాటలో చెప్పొచ్చా?

చెప్పొచ్చు గానీ ఎవరికీ ఎక్కదు. అన్నిటి మీదా ఏడిస్తే దేని మీదా ఏడవనట్టే ఉంటుంది. మీరు నిలబడి చూసిన ఒక్క చోటు తీసుకోండి. చూడ్డం కన్నా వినడం ముఖ్యం. బెర్నీ క్రౌస్ అనే అమెరికన్ శబ్ద పరిశోధకుడు 1988లో కాలిఫోర్నియాలోని లింకన్ మెడోలో తెల్లవారుజాము పక్షుల సందడి రికార్డు చేశాడు. ఆ తర్వాత అక్కడ ఎంపిక చేసిన చెట్లు మాత్రమే కొట్టారు. ఏడాది తర్వాత వెళ్తే కంటికి అంతా మామూలుగానే ఉంది. మైకు పెడితే మాత్రం ఒక వడ్రంగిపిట్ట, సెలయేరు తప్ప దాదాపు ఏమీ లేదు. మీ పాట ఆ రెండు రికార్డింగుల మధ్య తేడాలో ఉంటుంది. మీ చోటులో ఇదివరకు వినిపించి ఇప్పుడు వినిపించనిదేదో కాగితం మీద రాసుకోండి. ఒక్కటి దొరికితే చాలు, పాట మొదలైనట్టే.

కొల్లేరు గురించి కనీసం ఏం తెలిసుండాలి? తప్పులు పాడితే నవ్వుతారేమోనని టెన్షన్.

కృష్ణా, గోదావరి డెల్టాల మధ్య పల్లంలో ఏర్పడ్డ మంచినీటి సరస్సు ఇది. బుడమేరు, తమ్మిలేరు లాంటి ఏర్లు వచ్చి కలుస్తాయి. మిగులు నీళ్లు ఉప్పుటేరు గుండా బంగాళాఖాతంలోకి పోతాయి. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేరింది.

అందరూ తప్పు చేసేది అంకెల దగ్గర. అభయారణ్యం ఐదో కాంటూరు వరకు, అంటే సముద్ర మట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, 308 చదరపు కిలోమీటర్లు. పదో కాంటూరు వరకు లెక్కేస్తే 901. ఈ రెండు అంకెలూ పక్కపక్కన చూసి "901 ఉన్న సరస్సు 308కి కుంచించుకుపోయింది" అని రాసేస్తున్నారు. అది కాలంతో పాటు తగ్గిన లెక్క కాదు, రెండు వేర్వేరు ఎత్తుల దగ్గర కొలిచిన వైశాల్యం. కాంటూరు అనేది లంక గ్రామాల్లో టీ కొట్టు మాట. మూడో కాంటూరుకి కుదించాలా, ఐదే ఉంచాలా అని ఏళ్ల తరబడి వాదులాడుకుంటున్నారు. అక్కడ ఈ తప్పు పాడితే మొదటి చరణం దాటనివ్వరు.

చేపల చెరువుల వాళ్లని విలన్లుగా చూపించాలా?

వద్దు. సరస్సుని గట్లు పోసి ముక్కలు చేసింది చేపల చెరువులే, అందులో అనుమానం లేదు. కానీ 2006లో ప్రభుత్వం అభయారణ్యం లోపలి చెరువుల గట్లు తెగ్గొట్టినప్పుడు బతుకు తెరువు పోయినవాళ్లు లంక గ్రామాల్లో చాలామంది ఉన్నారు. పక్షి వైపు నుంచి ఒక దుఃఖం, మనిషి వైపు నుంచి ఇంకొకటి. రెండూ ఒకే నీళ్ల మీద. పాట ఈ ముడి విప్పక్కర్లేదు, అది ఉందని తెలిసి పాడితే చాలు.

## చప్పుళ్లు సేకరించేటప్పుడు

ఫోన్‌తో రికార్డు చేస్తే సరిపోతుందా?

మొదటి పాటకి సరిపోతుంది. మామూలు వాయిస్ రికార్డర్ యాప్ మాత్రం వాడకండి. అది మాట కోసం చేసింది, చప్పుడు తగ్గగానే తనంతట తనే గెయిన్, అంటే మైకు చప్పుడు పట్టే మోతాదు, పెంచేస్తుంది. నా మొదటి తెల్లవారుజాము రికార్డింగ్ మొత్తం అలాగే పోయింది: పక్షి ఆగిన ప్రతిసారీ గాలి హోరు ఉబ్బెత్తున లేచేది. ఆటో గెయిన్ ఆపే వీలున్న, వేవ్ ఫైల్‌గా దాచే యాప్ పెట్టుకోండి. కొల్లేటి గాలికి మైకు మీద ఏదో ఒక కప్పు ఉండాలి. ఏమీ లేకపోతే పాత ఉన్ని సాక్సు తొడగండి, నవ్వులాట కాదు, పనిచేస్తుంది. ఫోన్‌ని చేత్తో పట్టుకోకుండా గట్టు మీద పెట్టి పది నిమిషాలు దూరంగా కూర్చోండి.

గూడబాతుల అరుపు కోసం కొల్లేటి పక్షుల కేంద్రం ఆటపాక వెళ్లాను. ఒక్కటీ అరవలేదు. తప్పు నాదా?

మీది కాదు. ఎదిగిన గూడబాతు దాదాపు మూగది. గూళ్ల దగ్గర బుసకొట్టడం, గుర్రుమనడం, ముక్కు టపటపలాడించడం తప్ప కూత అంటూ లేదు. గోల చేసేవి పిల్లలు. అందుకే చలికాలంలో, గూళ్ల రోజుల్లో వెళ్లాలి. ఎర్రకాళ్ల కొంగ కూడా అంతే, ముక్కు చప్పుడే దాని మాట.

నన్నడిగితే ఇది పాటకి వరం. కొల్లేరు అనగానే గుర్తొచ్చే పక్షికి గొంతు లేదు. నేను వాడుకున్నది దాని రెక్కల చప్పుడు. అంత బరువైన పక్షి నీళ్ల మీంచి లేచేటప్పుడు మొదట పాదాలు నీళ్లని తన్నుతాయి, తర్వాత రెక్కలు గాలిని కొడతాయి, నాలుగైదు దెబ్బల తర్వాత ఆ చప్పుడు పలచబడి ఆగిపోతుంది. ఆ నాలుగైదు దెబ్బలే నా పాటలో డ్రమ్. పిచ్ ఐదు స్వరస్థానాలు దించితే దుప్పటి దులిపినట్టు ఉంటుంది. రికార్డింగ్ కోసం గూళ్ల దగ్గరికి దోనె తీసుకెళ్లకండి. తల్లి లేస్తే గుడ్ల మీద కాకి వాలుతుంది.

నా రికార్డింగ్ నిండా మోటార్ గుయ్యిమంటోంది. ఎలా తీసెయ్యాలి?

తీసెయ్యకండి. ఈ ప్రశ్నకి జవాబుగా నా పాటే పుట్టింది.

కొల్లేరు చుట్టూ ఎక్కడ మైకు పెట్టినా ఒక ఆధార స్వరం వినిపిస్తుంది. రొయ్యల చెరువుల ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు), నీళ్లు తోడే మోటార్లు, వాటికి కరెంటు ఇచ్చే ట్రాన్స్‌ఫార్మర్లు. మన కరెంటు 50 హెర్ట్జ్. ట్రాన్స్‌ఫార్మర్‌లోని ఇనుప కోర్ ఒక్కో సైకిల్‌కి రెండుసార్లు సాగి ముడుచుకుంటుంది, అందుకే దాని గుయ్యిమనే చప్పుడు, అంటే హమ్, 100 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కీబోర్డు మీద దీనికి దగ్గరి స్వరం జీ, 98 హెర్ట్జ్. హమ్ దానికన్నా 35 సెంట్లు పైన, అంటే స్వరస్థానంలో మూడో వంతు కన్నా కాస్త ఎక్కువ.

నేను మొదట నాయిస్ రిడక్షన్ పెట్టి దాన్ని కడిగేశాను. పక్షులు మిగిలాయి, కానీ ఏదో టీవీ డాక్యుమెంటరీలో పక్షుల్లా శుభ్రంగా, ఎక్కడివో తెలియకుండా. తర్వాత హమ్ పిచ్ దించి జీకి సరిపెట్టాను, అదీ నచ్చలేదు. చివరికి తిరగేశాను: హమ్‌ని కదల్చకుండా పాటనే దాని శ్రుతికి ఎత్తాను. సింథ్‌లో 'ఏ' (A) స్వరం 440 బదులు 449 హెర్ట్జ్ పెడితే జీ సరిగ్గా 100 మీద కూర్చుంటుంది. అంతే, తంబూరా అక్కర్లేకపోయింది. సరస్సు ఇప్పుడు ఏ శ్రుతిలో ఉందో గాయని కూడా ఆ శ్రుతిలోనే పాడాల్సి వచ్చింది.

అమెరికా నుంచి అడిగేవాళ్లకి: మీ దగ్గర కరెంటు 60, హమ్ 120 హెర్ట్జ్. అది బీ ఫ్లాట్‌కీ బీకీ సరిగ్గా నడిమధ్యన పడుతుంది, ఏ స్వరానికీ చెందదు. అక్కడ తీసిన హమ్‌ని కొల్లేరు హమ్ అని వాడితే నాకు తెలిసిపోతుంది.

ఇంటర్నెట్‌లో దొరికే పక్షి కూతలు వాడుకోవచ్చా?

జెనో-కాంటో అనే వెబ్‌సైట్‌లో ప్రపంచవ్యాప్తంగా పక్షుల రికార్డింగులు ఉన్నాయి, వాటి కింద లైసెన్స్ రాసి ఉంటుంది. చాలావాటికి వాణిజ్యపరంగా వాడకూడదనే షరతు, కొన్నిటికి మార్చకూడదనే షరతు కూడా ఉంది. సాగదీసి, కోసి వాడితే రెండో షరతు దాటినట్టే. పక్షికి కాపీరైట్ లేదు, రికార్డు చేసినవాళ్లకి ఉంది. ఒక ఈమెయిల్ రాసి అడగండి. మామూలుగా సంతోషంగానే ఒప్పుకుంటారు.

## శ్రుతి, రాగం, లయ

విషాదం అంటే శివరంజని, శుభపంతువరాళి తప్పదా?

తప్పుతుంది. ఆ రెండూ గొప్ప రాగాలు, కానీ సినిమా వాటిని ఎంత అరగదీసిందంటే మొదటి నాలుగు స్వరాలకే వినేవాళ్ల మెదడులో శవం ముందు ఏడుస్తున్న తల్లి కనిపిస్తుంది. నాకు ఈ పనికి రేవతి నచ్చుతుంది. స, శుద్ధ రి, శుద్ధ మ, ప, కైశికి ని. అందులో గాంధారం లేదు. గాంధారమే కదా మేజరో మైనరో తేల్చేది. అది లేకపోవడంతో పాట ఏడుస్తోందా, ఊరికే చూస్తోందా అన్నది తేలదు.

షడ్జమం జీ మీద పెట్టుకుంటే స్వరాలు జీ, ఏ ఫ్లాట్, సీ, డీ, ఎఫ్. ప్యాడ్ (వెనక సాగుతూ ఉండే సింథ్ పొర) కోసం స-మ-ప కలిపి నొక్కితే వేలాడుతూ ఉండే కార్డ్ (స్వరాల గుత్తి) వస్తుంది. ని-రి-మ కలిపితే ఎఫ్ మైనర్, అదీ రాగం దాటకుండానే. కింద షడ్జమం మోగుతుండగా ఈ రెండింటి మధ్య ఎనిమిదేసి బార్లు (తాళం ఆవర్తాలు) ఊగండి. ఇంకో కార్డ్ కావాలనిపిస్తుంది, చేతులు కట్టేసుకోండి.

సింథ్‌లో గమకం పలకట్లేదు. హార్మోనియం నొక్కినట్టు ఉంది.

సింథ్‌ని మోనో మోడ్‌లో (ఒకసారికి ఒకే స్వరం) పెట్టి గ్లైడ్ (స్వరం నుంచి స్వరానికి జారే సమయం) 80 నుంచి 150 మిల్లీసెకన్ల మధ్య ఉంచండి. లెగాటో ఆన్ చేస్తే కలిపి నొక్కిన స్వరాల మధ్యే జారుతుంది, విడిగా నొక్కినవి విడిగానే ఉంటాయి. కంపితానికి ఎల్‌ఎఫ్‌ఓ (స్వరాన్ని తనంతట తనే ఊపే అమరిక) పెట్టకండి, దాని ఊపు గడియారంలా ఉంటుంది. పిచ్ వీల్‌ని రెండు స్వరస్థానాలకి సెట్ చేసి చేత్తో ఊపండి. సరిగ్గా రాకపోయినా ఫర్వాలేదు. అది కూడా రాకపోతే మీరే కూనిరాగం తీసి రికార్డు చేసి, దాన్ని సింథ్‌లోకి శాంపిల్‌గా ఎక్కించండి.

టెంపో ఎంత పెట్టాలి?

60 నుంచి 76 బీపీఎం (నిమిషానికి దెబ్బలు) మధ్య ఎక్కడైనా. ఇంకో దారి ఏరియేటర్ తెడ్లు నీళ్లని కొట్టే చప్పుడుకి ట్యాప్ టెంపో కొట్టి (చప్పుడుతో పాటు బటన్ నొక్కుతూ వేగం కొలిచి), వచ్చిన అంకెని సగం చెయ్యడం.

## మాటలు

ఏం రాసినా గోడ మీద ప్రభుత్వ నినాదంలా వస్తోంది. ఎలా మార్చాలి?

ముందు కొన్ని మాటలు బహిష్కరించండి: ప్రకృతి మాత, కాలుష్య భూతం, భావితరాలు, పచ్చదనం, కన్నీరు, మేలుకో. ఇవి తప్పు మాటలు కావు, అరిగిపోయినవి. తర్వాత, సరస్సుతో మాట్లాడ్డం ఆపి, సరస్సు పక్కన ఉన్న ఒక వస్తువుని చూడండి. నేను మొదట రాసుకున్నది ఇలా ఉండేది:

ఓ కొల్లేరమ్మా నీ కన్నీరు తుడిచేదెవరు
మానవుడి స్వార్థానికి బలైన తల్లివి నీవు

సిగ్గుగానే ఉంది గానీ పెట్టాను. తర్వాత పల్లెలో ఒక ఇంటి వెనక పాత తాటి దోనె బోర్లించి కనిపించింది. దాని మీద పిడకలు ఆరబెట్టారు. ఇంటికొచ్చి ఇలా మార్చాను:

బోర్లించిన దోనె మీద
పిడకలారుతున్నాయి
నీళ్లెక్కడే అమ్మా అంటే
గట్టు వైపు చూసింది

ఇందులో ఎవరూ ఏడవలేదు. ఏడుపు వినేవాళ్లకి వదిలేశాం. "స్వార్థం" అనే మాట రాస్తే పాట తీర్పు చెబుతుంది. పిడకలు అంటే ఆ దోనె ఎన్నాళ్ల నుంచి నీళ్లెక్కలేదో వినేవాళ్లే లెక్కేసుకుంటారు.

మాటలు బాగానే ఉన్నాయి, ప్యాడ్స్ మీద పాడితే మాత్రం నలిగిపోతున్నాయి. ఎందుకు?

తెలుగు పదం చివర దాదాపు ఎప్పుడూ అచ్చే ఉంటుంది, అది మనకి లాభం. కానీ ఆ అచ్చు ఎక్కువగా ఉకారం: నీరు, ఏరు, గట్టు, వాడు. సాగదీసిన ఉకారం నోట్లోనే మూసుకుపోయి ప్యాడ్ కింద మునిగిపోతుంది. సాగే స్వరం మీద ఆ, ఏ, ఓ వచ్చేలా చూసుకోండి. "కొల్లేరు" అని ఆపేకంటే "కొల్లేట" అని సాగించండి. ఇంకోటి, వత్తులున్న పదాలు వేగంగా పోయే చోట పెట్టండి. "దుర్భిక్షం" లాంటి పదాన్ని నాలుగు బీట్లు లాగితే పాడేవాళ్లకీ వినేవాళ్లకీ శిక్ష.

అసలు మాటలే లేకుండా చెయ్యొచ్చా?

నిక్షేపంగా. అప్పుడు పేరు మీద బరువు పడుతుంది. "విలాపం" అని పెట్టకండి. ఊరి పేరో, తేదీనో, రికార్డు చేసిన వేళో పెట్టండి.

## అమరిక

పాడైపోవడం అనేది చెవికి ఎలా తెలియాలి? చివర్లో వాల్యూమ్ తగ్గిస్తే చాలా?

చాలదు. వాల్యూమ్ తగ్గితే పాట అయిపోతోందనుకుంటారు, సరస్సు పోతోందని అనుకోరు. చెయ్యాల్సింది తీసివేత.

సజీవంగా ఉన్న చోట ఒక్కో జీవి ఒక్కో ఫ్రీక్వెన్సీలో, ఒక్కో వేళలో తన జాగా చూసుకుని కూస్తుందని క్రౌస్ ప్రతిపాదించాడు. అదే పద్ధతిలో పాట కట్టండి. నాకు ఏడు పొరలు ఉండేవి: అడుగున హమ్, దాని మీద కప్పలు, రెక్కల దెబ్బలు, ప్యాడ్, గొంతు, ఈల వేస్తూ ఎగిరే బాతులు, అన్నిటి పైన కీచురాళ్లు. ఏ రెండూ ఒకదాని జాగాలో ఒకటి దూరకుండా ఈక్యూతో (ఫ్రీక్వెన్సీలని పెంచి తగ్గించే పనిముట్టుతో) సరిహద్దులు గీశాను. మొదటి నిమిషంన్నర అన్నీ ఉంటాయి. తర్వాత నలభై సెకన్లకొకటి చొప్పున ఆగిపోతుంది. ఫేడ్ అవ్వదు, ఒక బార్ మధ్యలో ఆగిపోతుంది.

అసలు కష్టం ఆ తర్వాత వస్తుంది. బాతులు పోగానే మూడు, నాలుగు కిలోహెర్ట్జ్ దగ్గర మిక్స్‌కి బొక్క పడుతుంది. చెయ్యి దానంతట అదే ఒక షేకర్‌నో మెరిసే ప్యాడ్‌నో తీసుకొచ్చి అక్కడ పెట్టబోతుంది. పెట్టకండి. విన్నవాళ్లకి ఏం పోయిందో పేరు తెలియకపోవచ్చు, ఏదో పోయిందని మాత్రం తెలుస్తుంది. నా పాట చివరి నలభై సెకన్లలో హమ్, గొంతు మాత్రమే మిగిలాయి. హమ్ వాల్యూమ్ మొదట్నుంచీ మార్చలేదు, అయినా చివర్లో పెరిగిందని అందరూ అంటారు.

డ్రాప్ (ఒక్కసారిగా బేస్, బీట్ వచ్చిపడే చోటు) పెట్టొచ్చా? లేకపోతే కుర్రాళ్లు వినరేమో.

పెట్టండి, అడ్డేముంది. కాకపోతే అందరూ బేస్ వస్తుందని ఎదురుచూసే చోట రెండు బార్లు ఏమీ రాకపోతే ఎలా ఉంటుందో కూడా ఒకసారి విని చూడండి.

## మిక్సింగ్

రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) ఎంత వేసినా దిగులు రావట్లేదు. ఇంకా పెంచాలా?

తగ్గించండి. పొడవాటి రివర్బ్ అంటే చెవికి గుడి మండపం, గుహ, బావి. కొల్లేరు చదునైన బయలు, చప్పుడు వెళ్లి తగిలే గోడ లేదు, తిరిగి రాదు. గొంతుని దాదాపు పొడిగా, మైకుకి జానెడు దూరంలో పాడించి చూడండి. ఊపిరి వినపడాలి. రివర్బ్ వెయ్యాలనే ఉంటే ప్యాడ్‌కి మాత్రం వల్హల్లా సూపర్‌మాసివ్ వాడండి, అది ఉచితం.

ఆటోట్యూన్ వాడితే గొంతు కొరబోయినట్టు ఉంది.

మీ ప్లగిన్ కీబోర్డు స్వరస్థానాలకి లాగుతూ గమకాన్ని కోసేస్తోంది. రీట్యూన్ బాగా నెమ్మదిగా జరిగేలా పెట్టండి. పాట 440లో కాకుండా వేరే శ్రుతిలో ఉంటే ప్లగిన్‌లోనూ అదే అంకె పెట్టారో లేదో చూసుకోండి. ఇది మర్చిపోయి ఒక రాత్రంతా గాయని శ్రుతి తప్పిందనుకున్నాను.

స్పీకర్లలో అడుగున ఉన్న హమ్ బాగుంది, ఫోన్‌లో అసలు లేదు.

ఫోన్ స్పీకర్‌లో 100 హెర్ట్జ్ దాదాపు పలకదు. హమ్ మీద కాస్త శాచురేషన్ (చప్పుడుని కొంచెం గరుకు చేసే ఎఫెక్ట్) వేస్తే 200, 300, 400 దగ్గర హార్మోనిక్స్ పైకి లేస్తాయి. అవి వినపడితే చాలు, లేని అడుగు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది.

ఎంత లౌడ్‌గా మాస్టర్ చెయ్యాలి?

స్పాటిఫై మామూలు సెట్టింగ్‌లో పాటలన్నిటినీ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినిపించే గట్టితనం కొలత) దగ్గరికి తెస్తుంది. దానికన్నా గట్టిగా చేసి లాభం లేదు. ఇలాంటి పాటకి మైనస్ 16 అయినా నష్టం లేదు.

## బయటికి వదిలేటప్పుడు

ఊళ్లో ఒక పెద్దాయన మాటలు రికార్డు చేశాను. పాటలో పెట్టొచ్చా?

ఆయన్ని అడిగితే పెట్టొచ్చు. రికార్డు చేసేటప్పుడు "సరే బాబూ" అనడం వేరు, పాటలో తన గొంతు విన్నాక "సరే" అనడం వేరు. పూర్తయిన పాట వినిపించి అప్పుడు అడగండి. డబ్బు వస్తే వాటా ఎంతో ముందే చెప్పండి. పేరు వెయ్యమంటే వెయ్యండి, వద్దంటే ఊరి పేరు కూడా తీసెయ్యండి. చెరువుల గొడవల్లో ఒక్క మాట ఎటు పోయి ఎవరికి తగులుతుందో మనకి తెలియదు.

మా ఊరివాళ్లకి వినిపిస్తే "ఇదేం పాట" అంటారేమో. వినిపించాలా?

వినిపించండి, అప్‌లోడ్ చెయ్యడానికి ముందే. నేను మా పెద్దమ్మకి వినిపించాను. వరండాలో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. చిన్న బ్లూటూత్ స్పీకర్ అరుగు మీద పెట్టాను. కప్పలు వచ్చినప్పుడు తలెత్తింది. రెక్కల చప్పుడుకి "ఎవరో దుప్పట్లు దులుపుతున్నారు" అంది. చివరికొచ్చేసరికి, గొంతూ హమ్మూ మిగిలిన చోట, విసుగ్గా చెయ్యి ఊపింది.

"ఒరేయ్, ఆ వీధి తలుపు వెయ్యి. చెరువు మోటార్ చప్పుడికి అమ్మాయి పాట వినపడి చావట్లేదు."

లేచి తలుపు వేశాను. మోటార్ ఆగలేదు. రాత్రి ఆ చివరి నలభై సెకన్లలో గొంతుని ఒకటిన్నర డెసిబెల్ పెంచి, హమ్‌ని అలాగే ఉంచి ఫైల్ ఎక్స్‌పోర్ట్ చేశాను.